మిల్లు గోడలో మూసేసిన గేటు

ఆ పది రోజులూ చిట్టి ఆఫీసులో కుదురుగా కూర్చున్నది లేదు. కుర్చీలో కూర్చుంటే ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. లేచి కిటికీ దాకా వెళ్లేది, తిరిగొచ్చి బల్ల మీద పరిచిన నక్షా చూసేది, పెన్సిలు తీసి మళ్లీ పెట్టేసేది, దాహం లేకపోయినా మంచినీళ్లకని లేచేది. పక్క సీటు గుమాస్తా రెండు రోజులు చూసి ఊరుకుని, మూడో రోజు అడిగేశాడు.

"ఏంటండీ, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు? ఇంట్లో అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉందండీ" అంది చిట్టి. తంటా అంతా ఇంట్లోనే ఉందని ఆయనకు ఏమని చెబుతుంది?

ఆఫీసు రిజిస్టర్లో ఆమెకు పొడుగాటి పేరే ఉంది గానీ, ముప్పై ఆరేళ్లు వచ్చినా ఇంట్లో ఆమె చిట్టే. పన్నెండో ఏట అమ్మ పోతే, అప్పుడే పెళ్లయిన అక్క వెంట అక్కగారింటికి వచ్చేసింది. ఇక ఆ ఇల్లే ఇల్లు. బావ అప్పట్లో నూలు మిల్లులో పనిచేసేవాడు. మరదలికి సైకిలు నేర్పినా, లెక్కల్లో తప్పితే మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టినా, చదువు చాలని చుట్టాలు చెవినిల్లు కట్టుకుని పోరినా వినకుండా చదివించినా అంతా ఆయనే. చిట్టి నగర ప్రణాళికల ఆఫీసులో చేరిన రోజు నుంచీ ఆయన ఆమెను "ఇంజనీరమ్మా" అని పిలవడం మొదలుపెట్టాడు. ఇంజనీరు కాదు బావా, నక్షాలు గీసేదాన్ని అని ఎన్నిసార్లు చెప్పినా, "నాకు రెండూ ఒకటే" అనేవాడు.

మిల్లు మూతపడి ఇరవై రెండేళ్లయింది. పని పోయిన ఏడాదే బావ స్టేషన్ ఎదురుగా తుప్పలు పెరిగిన జాగాను తన చేత్తో చదును చేసుకుని, రైల్వే వాళ్ల దగ్గర అనుమతి కాగితం తెచ్చుకుని, స్కూటర్ స్టాండు పెట్టాడు. ఇప్పుడక్కడ పొద్దున ఎనిమిదయ్యేసరికి మూడొందల బళ్లు వరసగా నిలబడతాయి. ఆయన పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరికీ ఆయన స్టాండు పెద్దాయన. టోకెను పారేసుకున్నవాళ్లకు కూడా మొహం చూసి బండి అప్పజెబుతాడు.

చిట్టి బల్ల మీదున్న నక్షాలో గీసిన కొత్త వీధి సరిగ్గా ఆ స్టాండు నడిబొడ్డులోంచి పోతోంది. గీసింది చిట్టే.

సంగతి ఇలా మొదలైంది. స్టేషన్ చుట్టూ, పది నిమిషాల్లో నడిచి చేరేంత మేర, కొత్త పేట కట్టాలని నగరం నిర్ణయించింది. ఇళ్లు, ఇళ్ల కింద అంగళ్లు, ఒక బడి, ఒక ఆసుపత్రి, చెట్ల నీడన నడిచే దారులు. అక్కడుండే మనిషికి బండి అవసరమే రాకూడదు. గడప దాటి కాలు బయట పెడితే, ఆ కాలే రైలు దాకా తీసుకుపోవాలి. ఆ పని చిట్టి చేతికి వచ్చింది. ఎంతో ఇష్టంగా తీసుకుంది. స్టేషన్ దగ్గర వృత్తలేఖిని ముల్లు గుచ్చి గుండ్రం గీస్తే, వాళ్ల ఇల్లు కూడా అందులోనే పడింది. తిన్నగా కొలిస్తే నాలుగు వందల ముప్పై మీటర్లు.

కాగితం మీద బాగానే ఉంది. ఒక పొద్దున గడియారం చూసుకుంటూ నడిచింది. ఇరవై మూడు నిమిషాలు పట్టింది. ఇంటికీ స్టేషన్‌కీ మధ్య మూతపడ్డ మిల్లు ఉంది, దాని చుట్టూ ఏనుగంత ఎత్తు గోడ ఉంది. ఆ గోడ పట్టుకుని చుట్టూ తిరిగి రావాలి. పక్కన లారీల రోడ్డు, కాలిబాట ఊసే లేదు. ఒకచోట మురుగు దాటడానికి ఎవరో వేసిన రాయి ఒకటుంది, అది కాలు పెడితే ఊగుతుంది. ఈ తిప్పలన్నీ పడలేకే గోడ ఇవతలి జనమంతా బండి తీస్తున్నారు. ఆ బళ్లన్నీ బావ స్టాండుకు చేరుతున్నాయి.

ఆ ఆదివారం భోజనాల దగ్గర చిట్టి మామూలుగానే అడిగింది.

"బావా, మనింటి నుంచి స్టేషన్‌కి నడిస్తే ఎంతసేపు?"

"నడవడమెందుకే? అందరూ నడిస్తే నా గతేం కాను?" అని నవ్వాడు బావ. మజ్జిగ పోసుకుంటూ, "మా రోజుల్లో అయితే ఐదు నిమిషాలు. సైరన్ మోగాక చెయ్యి కడుక్కుని బయల్దేరినా అందేది" అన్నాడు.

"ఎలా?"

"ఎలా ఏంటి, మిల్లు మధ్యలోంచి. మన వైపు గోడకు కార్మికుల గేటు ఉండేదిగా. పన్నెండో నంబరు గేటు. అందులోంచి దూరితే తిన్నగా పెద్ద గేటు, అది దాటితే స్టేషన్. మిల్లు మూసేటప్పుడు ఇటుకలు పెట్టి పూడ్చేశారు. నువ్వు బడికి అటు వైపు పోయేదానివి, ఇటు చూసి ఉండవు."

చిట్టి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "చూపిస్తావా?"

సాయంత్రమే తీసుకెళ్లాడు. గోడ మూల నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, నూట అరవై నాలుగో అడుగు దగ్గర ఆగి, పిచ్చితీగ పక్కకు లాగాడు. నిజంగానే అక్కడ ఇటుకల రంగు వేరుగా ఉంది. పాత గోడ నల్లబడితే, ఈ ముక్క ఇంకా ఎర్రగా ఉంది. బావ దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"షిఫ్టు మారేటప్పుడు ఎనిమిది వందల మందిమి ఒక్కసారి నడిచేవాళ్లం. ఆ చప్పుడుకే వీధి లేచి కూర్చునేది. నడిచేటప్పుడే కబుర్లు, నడిచేటప్పుడే తగువులు, సగం పెళ్లి సంబంధాలు ఈ దారిలోనే కుదిరాయి. మీ అక్క సంబంధం కూడా."

చిట్టి ఫోటోలు తీసుకుంది. మర్నాడు ఆఫీసు రికార్డు గదిలో దుమ్ము దులిపి, తుమ్ముకుంటూ, మిల్లు పాత నక్షా వెతికి పట్టుకుంది. అందులో ఆ దారి ఉంది. ఉండటమే కాదు, మిల్లు కట్టకముందు నుంచీ జనం నడిచిన దారి అని, దాన్ని మూసే హక్కు మిల్లుకు లేదని కూడా రాసి ఉంది. పెద్దమేడమ్ అంటే ఆ విభాగానికి అధికారి, మెచ్చుకోవడం బొత్తిగా అలవాటు లేని మనిషి. ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివి, "ఈ ఒక్క దారితో పేట నిలబడుతుంది" అంది.

అప్పుడు చిట్టికి కాళ్లు నేల మీద నిలవలేదు. వారం పోయాక, దారిని స్టేషన్ మెట్ల దాకా గీస్తుంటే, పెన్సిలు బావ స్టాండు అంచుకు వచ్చి ఆగింది.

తప్పించడానికి చేయని ప్రయత్నం లేదు. ఎడమకు జరిపితే కరెంటు ట్రాన్స్‌ఫార్మరు అడ్డం. కుడికి జరిపితే ప్లాట్‌ఫారం గోడ. వంపు తిప్పి చూసింది. పెద్దమేడమ్ ఒప్పుకోలేదు.

"నడిచేవాడికి ఎదురుగా స్టేషన్ కనిపిస్తుండాలి. వంపు తిప్పావంటే వాడు మళ్లీ బండి తీస్తాడు. అది నాకంటే నీకే బాగా తెలుసు."

తెలుసు. అదే బాధ.

ఇంకొకటి కూడా ఉంది, ఇంతకంటే చిన్నది, ఇంతకంటే చెడ్డది. అసలు నక్షాను సర్వే వాళ్లు ఏదో సెలవు రోజున తయారుచేశారు. ఆ రోజు స్టాండులో ఒక్క బండి కూడా లేదు. అందుకని ఆ జాగా మీద "ఖాళీ స్థలం" అని రాసి పోయారు. అది చిట్టి కంట పడింది. దిద్దాలంటే అక్కడ ఒక మనిషి ఉన్నాడని రాయాలి. రాస్తే అతనికి నోటీసు ఇవ్వాలి, అతని మాట వినాలి, వేరే చోటు చూపించాలి. ఫైలు నెలల తరబడి వెనక్కి పోతుంది. పైగా ఆ మనిషి నీకేమవుతాడని అడిగే గడి కూడా ఫారంలో ఉంది. రేపు దిద్దుదాం అనుకుంది. ఆ రేపు మూడు నెలలు సాగింది.

నక్షాను జనానికి చూపించే సభ ఇక రెండు వారాల్లో ఉందనగా, అక్క ఒక మధ్యాహ్నం ఉతికిన బట్టలు మడతపెడుతూ అంది.

"బీరువా వెనక చుట్టి పెట్టిన కాగితం చూశాను."

"నీకేం అర్థమవుతుందక్కా అందులో?"

"గీతలు అర్థం కాకపోతే మానె, స్టేషన్ అని రాసుంటే చదవలేనా? దాని ముందు స్టాండు ఉండాల్సిన చోట రోడ్డుంది." అక్క చొక్కా చేతులు లోపలికి మడిచింది. "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెబుతాను. టైము చూసి."

"పది రోజులుగా ఇల్లంతా తొక్కుతున్నావు. ఈ తిరిగే తిరుగుడేదో స్టాండు దాకా తిరిగితే పోలా?"

చిట్టి మూడుసార్లు ప్రయత్నించింది. ఒకసారి బావ గడ్డం గీసుకుంటున్నాడు, మొహం నిండా నురగ. ఇలాంటి మాట అలాంటి మొహానికి ఎలా చెబుతాం అనుకుని వచ్చేసింది. ఒకసారి వార్తలు వింటున్నాడు. ఇంకొకసారి ఆయనే, "ఏం ఇంజనీరమ్మా, మా గేటు తెరిపిస్తున్నావా?" అని హుషారుగా అడిగాడు. ఆ హుషారు చూసి మాట మార్చేసింది.

చివరికి స్టాండు దగ్గరికే వెళ్లింది. ఎంచుకున్న వేళే తప్పు. పొద్దున ఎనిమిది, రైలు రావడానికి ఆరు నిమిషాలు. బళ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి. బావ ఒక చేత్తో టోకెన్లిస్తూ, ఇంకో చేత్తో హ్యాండిళ్లు సర్దుతూ, నోటితో అందరినీ పలకరిస్తున్నాడు. ఆసుపత్రి నర్సు బండి వెనక టైరులో గాలి లేదని ఆయనే కనిపెట్టి, "సాయంత్రానికి కొట్టించి పెడతాలే, పో తల్లీ, రైలు పోతుంది" అని పంపాడు.

"బావా, నీతో ఒక మాట."

"చెప్పు చెప్పు. ఆ ఎర్ర బండి ఇటు తొయ్యి ముందు."

చిట్టి తోసింది. ఇక ఆగితే జన్మలో చెప్పలేననిపించింది. తోస్తూనే చెప్పేసింది. "గేటు తెరుస్తున్నారు బావా. దారి వస్తోంది. అది ఈ స్టాండులోంచే పోతుంది. నేనే గీశాను. వేరే వైపు కుదరలేదు. చాలా చూశాను."

బావ పక్కనున్న మనిషికి టోకెనిచ్చాడు. ఇంకొకరికి ఇచ్చాడు. రైలు వచ్చింది, జనం పరుగెత్తారు, స్టాండు ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆయన ఎర్ర బండిని చిట్టి పెట్టిన చోటు నుంచి తీసి, ఒక జానెడు పక్కకు జరిపి, స్టాండు వేశాడు.

"ఆఫీసుకు టైమవుతుందేమో, బయల్దేరండి మేడమ్" అన్నాడు.

ఆ "అండి" చిట్టి చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా అంతే. కోపంగా మాట్లాడితే బదులు చెప్పొచ్చు. అరిస్తే ఏడవొచ్చు. ఆయన ఎంతో మర్యాదగా, "మీరు భోంచేశారా", "తలుపు మీరు వేస్తారా" అనడం మొదలుపెట్టాడు. ఇరవై నాలుగేళ్లుగా నువ్వు అన్న మనిషి మీరు అంటే, ఉన్న ఇంట్లోనే చుట్టపుచూపుగా వచ్చినట్టయింది చిట్టికి. అక్క ఇద్దరి మధ్యా గిన్నెలు మామూలు కంటే గట్టిగా పెట్టేది.

సభ బడి హాల్లో పెట్టారు. చిట్టి పొద్దున్నే వెళ్లి నక్షా గోడకు అంటించింది. మూలలు లేచి వస్తుంటే నాలుగుసార్లు తీసి అంటించింది. అనుకున్నదానికి రెట్టింపు జనం వచ్చారు. పెద్దమేడమ్ కర్ర పట్టుకుని చూపిస్తూ ఇళ్ల గురించి, చెట్ల గురించి, దారి గురించి చెప్పింది. చెప్పడం అయ్యీ అవకముందే, ముందు వరసలోని లెక్కల మాస్టారు లేచారు.

"అంతా బాగుందమ్మా. నా మోకాళ్లు మాత్రం బాగాలేవు. నేను బండి మీదే రావాలి. స్టాండు తీసేస్తే నా బండి నెత్తిన పెట్టుకోమంటారా?"

హాలంతా నవ్వింది, నవ్వుతోపాటే గొడవ కూడా లేచింది. అవును మరి, మా బళ్ల మాటేంటి? స్టాండు పెద్దాయన ఏమంటాడు? ఆయన్ని అడగండి. తలలన్నీ వెనక్కి తిరిగాయి. బావ ఆఖరి వరసలో, గోడవార కూర్చుని ఉన్నాడు. అందరూ ఆయన లేచి నాలుగు దులిపేస్తాడని ఎదురుచూశారు. లేచాడు. నడిచి నక్షా దగ్గరికి వచ్చాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. వేలుతో ఇల్లు వెతికాడు, ఇంటి నుంచి గోడ దగ్గరికి వచ్చాడు, గేటు దగ్గర కాసేపు ఆగాడు. చిట్టి ఆ వేలునే చూస్తోంది. అది దారి వెంట జరిగి జరిగి, చివర ఒకచోట నిలబడింది.

"ఇక్కడేం రాశారు మేడమ్? అక్షరాలు చిన్నవి, నాకు ఆనడం లేదు."

అడిగింది చిట్టినే. "ఖాళీ స్థలం" అంది.

"వెనకవాళ్లకు వినిపించలేదు" అన్నాడు బావ.

"ఖాళీ స్థలం."

బావ తల ఊపాడు. కళ్లజోడు తీసి జనం వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"ఇరవై రెండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఎండకు మీ సీట్లు కాలకుండా గుడ్డలు కప్పాను. వానొస్తే లోతట్టు బళ్లన్నీ ఒక్కొక్కటీ గట్టుకు లాగాను. జ్వరమొచ్చినా వచ్చాను. ఈ కాగితం ప్రకారం ఇక్కడ ఎవరూ లేరు. దారి వద్దని నేననను. ఆ దారిలో నేనూ నడిచాను. ఆ గేటు ఎక్కడుందో చూపించింది కూడా నేనే. దారి కోసం జరగమంటే జరుగుతాను. ఉన్న మనిషిని లేడని రాస్తే మాత్రం, అది బాగాలేదు."

పెద్దమేడమ్ సర్దుకుని, "అది సర్వే వాళ్ల పొరపాటు, సరిచేయిస్తాం" అంది. ఆ మాట చాటున నిలబడిపోతే చిట్టికి ఏ ఇబ్బందీ లేదు. ఆ ఒక్క క్షణం నిలబడాలనే అనుకుంది కూడా. బావ అప్పటికే వెనక్కి తిరిగి తన కుర్చీ వైపు నడుస్తున్నాడు. ఆ వీపు చూస్తూ చిట్టి నోరు తెరిచింది.

"సర్వే వాళ్లది కాదండీ. అది నాకు మూడు నెలల కిందటే కనిపించింది. దిద్దితే పని ఆలస్యమవుతుందని దిద్దలేదు. ఆయన మా బావ. ఆ సంగతి రాయాల్సొస్తుందని కూడా దిద్దలేదు."

బల్ల మీది పెన్ను తీసుకుని, ఖాళీ స్థలం అన్న మాట కొట్టేసి, పైన స్కూటర్ స్టాండు అని, పక్కన ఇరవై రెండేళ్లు అని రాసింది. బావ వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు పెద్దమేడమ్ గదిలోకి పిలిచింది. కూర్చోమంది, తలుపు వేయమంది.

"నిజం చెప్పినందుకు నిన్ను నేను తప్పుపట్టను. దాన్ని ముందు నాతో చెప్పి ఉండాల్సింది. ఇంత జనంలో మొదటిసారి విన్నాను."

"అవునండీ."

"నువ్వు ఈ పనిలో ఉండటానికి వీల్లేదు ఇక."

చిట్టిని మురుగుకాలువల విభాగానికి మార్చారు. స్టేషన్ ఫైలు ఇంకొకరికి వెళ్లింది, ఎనిమిది నెలలు వెనక్కి పోయింది. బావకు నోటీసు వచ్చింది. విచారణ జరిగింది. స్టేషన్ మెట్ల పక్కన రేకుల పందిరి కింద, ఎనభై బళ్లు పట్టే చోటు ఇచ్చారు. ఇదివరకటి దాంట్లో మూడో వంతు కూడా కాదు. లెక్కల మాస్టారు లాంటి వాళ్లకు అది చాలన్నారు. బావ సంతకం పెట్టి తీసుకున్నాడు. ఇంటికొచ్చి, చిట్టి అక్కడే ఉన్నా, కాగితం అక్క చేతికిచ్చాడు.

దారి తయారవడానికి పట్టిన రెండేళ్లూ చిట్టికి ఏ పనీ మనసుకు పట్టలేదు. కాలువల వెంట తిరుగుతూ కూడా ఆమె కళ్లు మిల్లు గోడ వైపే ఉండేవి. గోడ పడగొట్టిన రోజు వెళ్లలేదు. చెట్లు నాటిన రోజు దూరం నుంచి చూసి, దగ్గర దగ్గరగా నాటుతున్నారని మథనపడి, చెప్పే హక్కు తనకు లేదని గుర్తొచ్చి వచ్చేసింది. దారి తెరిచాక ఒక పొద్దున అందులో నడిచింది. ఐదున్నర నిమిషాలు. పక్కనే నర్సు నడుస్తోంది, ఫోన్లో ఎవరినో తిడుతూ, అటూ ఇటూ చూసుకోకుండా నడుస్తోంది. లారీల రోడ్డు మీద అలా ఒక్క అడుగు వేయగలిగేదా? చిట్టికి సంతోషం పొంగింది. మెట్ల దగ్గర రేకుల పందిరి కింద సగం కూడా నిండని స్టాండు కనబడగానే ఆ పొంగు పాల మీద నీళ్లు చల్లినట్టు దిగిపోయింది.

మీరు అనడం బావ ఏనాడో మానేశాడు. నువ్వు అనడం మాత్రం మొదలుపెట్టలేదు. ఆ రెండు మాటలూ రాకుండా ఎలాగో మాట్లాడేవాడు. "భోజనం అయిందా", "తలుపు వేసేస్తే మంచిది", అలా.

దారి తెరిచిన నాలుగో నెలలో, పనిదినం మధ్యాహ్నం రెండున్నరకు, చిట్టి ఏదో కాలువ లోతు కొలిపిస్తుంటే బావ ఫోన్ చేశాడు. బావ ఆమెకు ఫోన్ చేసి రెండేళ్లు దాటింది.

"అక్క నీ దగ్గరికేమైనా వచ్చిందా?"

"లేదే. ఏమైంది?"

"భోజనానికి ఇంటికొస్తే తాళం వేసుంది. ఎదురింట్లో అడిగాను, పక్కింట్లో అడిగాను. ఫోన్ ఇంట్లోనే మోగుతోంది. నువ్వు తొందరగా రా."

అక్క అలా చెప్పకుండా వెళ్లే మనిషి కాదు. అసలు వెళ్లే మనిషే కాదు. అక్కకు బండి రాదు. పెళ్లయిన కొత్తలో నేర్చుకోబోయి పడి, మళ్లీ ముట్టుకోలేదు. లారీల రోడ్డు మీద నడవాలంటే భయం. ఎక్కడికన్నా పోవాలంటే బావ తీరిక చూసుకోవాలి, బావకు స్టాండు వదిలే తీరిక ఉండదు. అలా పాతికేళ్లకు పైగా ఆవిడ లోకం ఇల్లూ, వీధి చివర అంగడీ. చిట్టి చేస్తున్న పని అక్కడే వదిలేసి పరుగెత్తింది.

బావ స్టాండు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. చొక్కా గుండీలు ఒకటి కిందా పైనా పెట్టుకున్నాడు.

"మూడు వీధులూ చూశాను. ఆసుపత్రిలో కూడా అడిగాను. ఒంట్లో బాగాలేదని ఏమన్నా అందా నీతో?"

"లేదు బావా. నీతో ఏమన్నా గొడవా?"

"గొడవెందుకు? పొద్దున బాగానే ఉంది. వంట కూడా చేసి పెట్టింది. ఏదో పాట కూడా పాడుకుంది." అది చెప్పేసరికి ఆయనకే ఇంకా భయం వేసింది. "పాట ఎందుకు పాడింది?"

కొత్త దారిలో టీ కొట్టు పెట్టుకున్నావిడను అడిగితే ఆమె తేలిగ్గా చెప్పింది. "మీ ఆవిడా? పొద్దున తొమ్మిదిన్నరకే నడుచుకుంటూ, జనంలో కలిసి స్టేషన్‌లోకి వెళ్లిందిగా, మీరు బళ్లు సర్దుతూ అటు తిరిగి ఉన్నారు. నన్ను పలకరించి మరీ వెళ్లింది."

"స్టేషన్‌లోకా? స్టేషన్‌లో దానికేం పని?" అన్నాడు బావ.

ఇద్దరూ మెట్ల కింద నిలబడ్డారు. రైలు వచ్చినప్పుడల్లా జనం దిగేవాళ్లు, ఇద్దరూ మెడలు సాచి మొహాలు వెతికేవాళ్లు, జనం తగ్గిపోయేవారు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా మళ్లీ నడక మొదలుపెట్టేవాళ్లు. ఒక రైలు. రెండు. మూడు. చిట్టి గోళ్లు కొరుకుతుంటే బావ ఆమె చేతి మీద ఒక్కటి వేశాడు, చిన్నప్పుడు వేసినట్టే.

నాలుగో రైల్లో దిగింది అక్క. చేతిలో సంచి కూడా లేదు. మెట్లు నింపాదిగా దిగి, వీళ్లిద్దరినీ చూసి ఆగింది.

"ఏమైంది? ఇద్దరూ ఇక్కడున్నారేం?"

"ఏమైందా? ఎక్కడికెళ్లావు?" అన్నాడు బావ.

"చివరి స్టేషన్ దాకా."

"అక్కడెవరున్నారు?"

"ఎవరూ లేరు. పెద్ద పెద్ద గోదాములున్నాయి, వాటి వెనక నది ఉంది. బెంచీ వేసి ఉంటే కాసేపు కూర్చున్నాను. ఆకలేసింది, వచ్చేశాను."

"ఫోన్ ఎందుకు వదిలేశావక్కా?" అంది చిట్టి.

"తీసుకెళ్తే మీరు చేస్తారుగా."

బావ నుదురు తుడుచుకున్నాడు. "ఒక్క మాట నాతో చెప్పి వెళ్లొచ్చుగా."

"చెబితే నేను బండి మీద దింపుతానంటారు. ఇప్పుడు తీరిక లేదంటారు. సాయంత్రం చూద్దామంటారు." అక్క కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అంది. "నడిచి వస్తే ఎవరినీ అడగక్కర్లేదని ఈ నాలుగు నెలలూ చూస్తూనే ఉన్నాను. ఇవాళ కాళ్లు ఆగలేదు. రేపు రెండో వైపు రైలెక్కి చివరిదాకా వెళ్తాను."

అని, వాళ్ల జవాబు కోసం చూడకుండా ఇంటి దారి పట్టింది.

సాయంత్రం రైళ్ల వేళ కావస్తోంది, బళ్లవాళ్లు రావడం మొదలవుతుంది. బావ అక్క వైపు చూశాడు, స్టాండు వైపు చూశాడు. ఒకడుగు వేసి ఆగాడు. అక్క అప్పటికే రెండు చెట్లు దాటింది.

"నువ్వెళ్లు" అన్నాడు చిట్టితో. అంతలోనే, "కాదు, ఉండు. ఇక్కడ కాసేపు నువ్వుండు. నేను వెళ్తాను" అని టోకెన్ల డబ్బా ఆమె చేతిలో పెట్టి కదిలాడు. మొదట మామూలుగా నడిచాడు, తర్వాత అడుగు పెంచాడు. అక్క వెనక్కి చూడలేదు గానీ నడక కొంచెం తగ్గించింది.

చిట్టి డబ్బా పట్టుకుని నిలబడింది. కూర్చోవడానికి కుర్చీ ఉంది, కూర్చోబుద్ధి కాలేదు. లెక్కల మాస్టారు రైలు దిగి, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లు దిగి వచ్చారు.

"పెద్దాయన ఏడమ్మా?"

"నడవడానికి వెళ్లారండీ."

మాస్టారు ఆమెను ఎగాదిగా చూశారు. "ఆయనా?" అన్నారు. చిట్టి టోకెను తీసుకుని, ఆయన బండి ఎక్కడుందో తెలియక, వరసల మధ్య వెతకడం మొదలుపెట్టింది.